అమెరికాలో మొదటి కారు: కొత్తదా, సెకండ్ హ్యాండా? టెక్సస్‌కు వచ్చినవాళ్లు ఎలా తేల్చుకోవాలి

ఏటా ఆగస్టులోనూ, మళ్లీ జనవరిలోనూ నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, దిగి రెండు వారాలైంది. కారు లేకపోతే పాల డబ్బా కూడా తెచ్చుకోలేకపోతున్నాం. కొత్తది తీసుకోమంటావా, పాతదా?" విడివిడిగా ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందుకే ఒకచోట రాస్తున్నాను.

నేనుండేది డాలస్ వైపు. ఇక్కడి నియమాలే నాకు బాగా తెలుసు కాబట్టి టెక్సస్ సంగతే చెబుతాను. వేరే రాష్ట్రంలో ఉంటే పన్ను, రిజిస్ట్రేషన్ వివరాలు మారతాయి, నిర్ణయించుకునే పద్ధతి మాత్రం ఇదే.

నేను వచ్చిన మూడో వారంలోనే కొత్త కారు తెచ్చుకున్నాను. కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, తాళాలు ఇచ్చి పంపించారు. ఇంట్లో కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. పది రోజులకు డీలర్ దగ్గర నుంచి ఫోన్: "బ్యాంకు మీ లోన్ ఒప్పుకోలేదు, వచ్చి ఇంకో బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టండి." కొత్త కాగితాల్లో వడ్డీ 14 శాతం. అప్పటికే ఫొటోలు ఇండియాకు వెళ్లిపోయాయి, అమ్మానాన్నా చూసి మురిసిపోయారు. కారు వెనక్కి ఇస్తానని అనలేక సంతకం పెట్టాను. ఆ సంతకం ఎంత తినేసిందో కింద లెక్కలో చూపిస్తాను. మీలో ఒక్కరైనా ఆ పరిస్థితిలో పడకూడదు.

నా మాట ముందే చెప్పేస్తాను. కొత్తదా, పాతదా అన్నది కారును చూసి తేల్చుకునే విషయం కాదు. మీ చేతిలో ఉన్న కాగితాలను చూసి తేల్చుకోవాలి: వీసా ఎంతకాలం ఉంది, క్రెడిట్ హిస్టరీ (ఇక్కడ అప్పులు, కార్డు బిల్లులు కట్టిన చరిత్ర) ఎన్ని నెలలది, లైసెన్స్ ఎక్కడిది. ఈ మూడూ చూసుకుంటే చాలామందికి జవాబు దానంతట అదే వస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (ఇక్కడ ఎంతకాలం ఉండొచ్చో చెప్పే రికార్డు). విద్యార్థులైతే యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, హెచ్-1బీ వాళ్లైతే ఆమోదపు నోటీసు ఐ-797 కూడా.
- డ్రైవింగ్ లైసెన్స్. టెక్సస్‌లో స్థిరపడిన రోజు నుంచి 90 రోజుల్లో ఇక్కడి లైసెన్స్ తీసుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లకు ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్నంతవరకే ఇస్తారు.
- చిరునామా రుజువు: ఇంటి లీజు, కరెంటు బిల్లు.
- జీతం స్లిప్పులు లేదా ఆఫర్ లెటర్. లోన్ తీసుకుంటేనే ఇవి అవసరం.
- మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక మిగిలే డబ్బెంతో ఒక కాగితం మీద రాసుకోండి. కారు బడ్జెట్ ఆ మిగిలిన దాంట్లోంచే రావాలి.
- చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం). పాత కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. ఇరవై, ముప్పై డాలర్లకు దొరుకుతుంది, స్నేహితుడి దగ్గర ఉంటే అడిగి తీసుకెళ్లండి.

ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఇంకా రాకపోయినా నగదుతో కారు కొనొచ్చు, ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఆ ఒక్క కారణంతో ఆగిపోవద్దు.

1. ఇక్కడ ఎంతకాలం ఉంటారో నిజాయితీగా రాసుకోండి

హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులు ఇస్తారు. ఆ 60 రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లల బడి సంగతి చూడాలి, కారూ అమ్మాలి. కారు మీద 22 వేల డాలర్ల అప్పు ఉండి, అమ్మితే 18 వేలే వస్తే, మిగతా 4 వేలు మీ జేబులోంచి కట్టాకే కారు వదులుతుంది. జీతం లేని నెలలో ఆ 4 వేలు ఎక్కడి నుంచి వస్తాయి?

విద్యార్థులకు ఇంకో చిక్కు. చదువు డాలస్‌లో, ఉద్యోగం మిచిగన్‌లోనో న్యూజెర్సీలోనో రావచ్చు. కారును అంత దూరం తోలుకెళ్లాలి, లేదా అమ్ముకుని వెళ్లాలి. కాబట్టి మొదటి కారును రెండు మూడేళ్లు మాత్రమే వాడే కారుగా అనుకోండి.

2. క్రెడిట్ ఎన్ని నెలలదో చూసుకోండి

ఇండియాలో సిబిల్ 800 ఉన్నా ఇక్కడి లెక్కలోకి రాదు. ఇక్కడ అప్పిచ్చేవాళ్లు చూసే ఫైకో స్కోరు పుట్టాలంటేనే కనీసం ఆరు నెలల పాటు ఒక ఖాతా నడిచి ఉండాలి. క్రెడిట్ కార్డు వచ్చి రెండు నెలలే అయితే మీకు స్కోరు తక్కువగా ఉన్నట్టు కాదు, అసలు స్కోరే లేనట్టు. స్కోరు లేనివాళ్లకు అప్పిచ్చేవాళ్లు వడ్డీ బాగా వేస్తారు. వీసా గడువు చూసి లోన్ కాలాన్ని కుదించేవాళ్లూ ఉన్నారు. అప్పుడు నెల కిస్తీ పెరుగుతుంది.

25,000 డాలర్ల అప్పు, 60 నెలలు. 6 శాతానికి నెలకు 483 డాలర్లు, మొత్తం వడ్డీ దాదాపు 4,000. 14 శాతానికి నెలకు 582 డాలర్లు, మొత్తం వడ్డీ దాదాపు 9,900. కారు అదే, రంగు అదే. తేడా 5,900 డాలర్లు. నేను పెట్టిన సంతకం ఖరీదు దగ్గరదగ్గర అంత.

ఆరు నెలలు కాకపోతే కొత్త కారు లోన్ జోలికి పోవద్దని నా సలహా. అందులో ఒక్క మినహాయింపు ఉంది. మీ కంపెనీకి సంబంధించిన క్రెడిట్ యూనియన్ (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకు లాంటిది) ఏదైనా ఉంటే అక్కడ అడగండి. ఆఫర్ లెటర్ చూసి కొత్తవాళ్లకూ మంచి రేటు ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. అడిగితే పోయేదేం లేదు. 14 రోజుల లోపు నాలుగు చోట్ల అడిగినా ఫైకో దాన్ని ఒకే విచారణగా లెక్కిస్తుంది.

3. మూడేళ్ల ఖర్చును పక్కపక్కన వేయండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కిస్తీని మాత్రమే పోల్చుకుంటారు. మీరు ఐదు గడులు రాయండి: కొన్న ధరకూ అమ్మే ధరకూ తేడా, పన్ను, వడ్డీ, ఇన్సూరెన్స్, రిపేర్లు.

ఒక నమూనా లెక్క ఇది. అంకెలు నేను అనుకున్నవి, మీవి మీరు వేసుకోండి.

కొత్త కారు 25,000. మూడేళ్లకు 17,000కు అమ్ముడుపోయిందనుకుందాం, 8,000 నష్టం. టెక్సస్ పన్ను 6.25 శాతం చొప్పున 1,562. 20,000 అప్పు 10 శాతానికి ఐదేళ్ల కాలానికి తీసుకుంటే, మొదటి మూడేళ్లలో పోయే వడ్డీ దాదాపు 4,500. మన కారుకూ వర్తించే ఫుల్ కవరేజ్ ఇన్సూరెన్స్ నెలకు 200 చొప్పున 7,200. ఆయిల్ మార్పిడి, చిన్న పనులు 600. మొత్తం సుమారు 21,860. అంటే నెలకు 607 డాలర్లు.

పాత కారు 11,000, నగదు. మూడేళ్లకు 7,000కు అమ్మితే 4,000 నష్టం. పన్ను 688. ఎదుటివాళ్ల నష్టానికే డబ్బిచ్చే లయబిలిటీ ఇన్సూరెన్స్ నెలకు 110 చొప్పున 3,960. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, అనుకోని రిపేర్లన్నీ కలిపి 3,500. కొనేముందు మెకానిక్ తనిఖీ 200. మొత్తం సుమారు 12,350. నెలకు 343.

మూడేళ్లలో తేడా 9,500 డాలర్లు. రిపేర్లకు నేను వేసినదానికి రెట్టింపు పడినా పాతదే చవక. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాచను. లయబిలిటీ మాత్రమే ఉన్నప్పుడు తప్పు మీదై కారు నుజ్జయితే ఆ 11,000 పోయినట్టే. ఆ నష్టాన్ని తట్టుకోలేని పరిస్థితి అయితే గుద్దుకున్నప్పుడు మీ కారుకూ డబ్బిచ్చే కొలిజన్ కవరేజ్ కూడా కలిపి లెక్క మళ్లీ వేయండి.

4. కారు కంటే ముందు ఇన్సూరెన్స్ ధర అడగండి

ఇక్కడి డ్రైవింగ్ చరిత్ర లేనివాళ్లకు ప్రీమియం ఎక్కువ. కారు ఖాయం చేసుకున్నాక ఇన్సూరెన్స్ చూసి కళ్లు తేలేసినవాళ్లను చాలామందిని చూశాను. మనసుకు నచ్చిన రెండు మూడు మోడళ్లకు ముందే కొటేషన్లు తీసుకోండి. ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేనిదే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) లేకుండా తాళంచెవితో స్టార్ట్ అయ్యే కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లు, ముఖ్యంగా 2011 నుంచి 2022 వరకు వచ్చినవి, దొంగతనాలకు గురయ్యాయి. కొన్నిచోట్ల వాటికి ఇన్సూరెన్స్ ఇవ్వడానికే వెనకాడారు.

టెక్సస్‌లో చట్టం అడిగే కనీస లయబిలిటీని 30/60/25 అంటారు. ఒక మనిషి గాయాలకు 30 వేలు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 25 వేలు. 2025 సెప్టెంబర్‌లో ఇక్కడ కొత్త కార్ల సగటు ధరే 50 వేల డాలర్లు దాటింది. అలాంటి కారును గుద్దితే 25 వేలు ఏ మూలకు? నెలకు కొంచెం ఎక్కువైనా 100/300/100 తీసుకోండి. ఇన్సూరెన్స్ లేనివాళ్లు గుద్దినప్పుడు ఆదుకునే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ వద్దని సంతకం పెట్టొద్దు. డాలస్ వైపు వసంతంలో వడగళ్లు పడతాయి. ఆ దెబ్బకు కాంప్రహెన్సివ్ కవరేజ్ (గుద్దుకోవడం కాకుండా వేరే విధంగా వచ్చే నష్టాలకు) ఉంటేనే డబ్బులొస్తాయి.

5. ఇప్పుడు తేల్చుకోండి

వీసా మూడేళ్ల లోపే ఉంది, లేదా క్రెడిట్ ఆరు నెలలు కాలేదు, లేదా ఎడమచేతి వైపు స్టీరింగ్‌తో రోడ్డుకు కుడిపక్కన నడపడం ఇంకా అలవాటు కాలేదు. వీటిలో ఏ ఒక్కటి నిజమైనా పాతదే కొనండి. మొదటి ఏడాది పార్కింగ్‌లో గీతలు పడటం మామూలే. పడేవేవో పాత కారు మీదే పడనివ్వండి.

కొత్తది కొనడం సబబైన సందర్భాలూ ఉన్నాయి. క్రెడిట్ కుదిరి, ఇక్కడే ఐదారేళ్లు ఉంటామన్న భరోసా ఉంటే, రెండు మూడేళ్ల పాత టొయోటా, హోండా ధరలను కొత్తవాటితో తప్పక పోల్చి చూడండి. వాటికి గిరాకీ బాగా ఉండటంతో ధర తొందరగా పడదు. ఉదాహరణకు రెండూ 60 నెలల లోన్లే అనుకుంటే, మూడేళ్ల కారుకు 20,000 అప్పు, 9 శాతం వడ్డీ: కిస్తీ 415. కొత్తదానికి 24,000 అప్పు, ప్రోత్సాహక రేటు 4.9 శాతం: కిస్తీ 452. నెలకు 37 డాలర్ల తేడాతో పూర్తి వారంటీ వస్తుంటే కొత్తదే మేలు. అంటే అసలు లాభం ఏడెనిమిదేళ్లు దాటిన నమ్మకమైన కారులో ఉంటుంది, లేదా పూర్తిగా కొత్తదాంట్లో ఉంటుంది. మధ్యలో ఉన్న రెండేళ్ల కారు చాలాసార్లు రెండు రకాలుగానూ నష్టమే.

లీజు గురించీ అడుగుతుంటారు. సాధారణంగా 36 నెలల ఒప్పందం. మధ్యలో ఇండియా వెళ్లాల్సి వస్తే తెంచుకోవడం ఖరీదు. మొదటి కారుకు వద్దు.

ఎలక్ట్రిక్ కారు అనుకునేవాళ్లకు ఒక మాట. కొత్తదానికి 7,500, పాతదానికి 4,000 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీలు 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయాయి. పాత వీడియోలు చూసి లెక్క వేసుకోకండి. అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

6. పాతదైతే: ఏది, ఎక్కడ

ఏ సంవత్సరానిదన్నది ధర ఒక్కటే తేల్చకూడదు. 2012 మోడల్ నుంచి అన్ని కార్లలోనూ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. వానలో ఫ్రీవే మీద కారు జారకుండా పట్టుకునేది అదే. అంతకంటే పాతది వద్దు. వెనక కెమెరా 2018 మే నుంచి తయారైన కార్లన్నిటికీ తప్పనిసరి. చిన్నపిల్లలున్న ఇంట్లో కొంచెం ఎక్కువ పెట్టైనా కెమెరా ఉన్నదే తీసుకోండి.

కొరోలా, క్యామ్రీ, సివిక్, అకార్డ్ అని మనవాళ్లంతా ఒకటే జపం చేయడానికి కారణం ఉంది. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ప్రతి మెకానిక్‌కూ తెలుసు, అమ్మేటప్పుడు వారంలో పోతాయి. పైన చెప్పిన 60 రోజుల సంగతి గుర్తుంటే ఈ చివరి మాట విలువ తెలుస్తుంది.

దొరికే చోట్లు మూడు. డీలర్ దగ్గర ధర కాస్త ఎక్కువ, కాగితాల పని వాళ్లే చూస్తారు. పాత కారు అద్దానికి అతికించిన బయ్యర్స్ గైడ్ చదవండి. అందులో "యాజ్ ఈజ్" దగ్గర టిక్ ఉంటే గేటు దాటాక ఏం పోయినా మీదే భారం. తయారీ కంపెనీ సర్టిఫై చేసిన పాత కార్లకు వారంటీ ఉంటుంది, దానికి తగ్గట్టే ధరా ఉంటుంది. మూడోది, ఇండియా వెళ్లిపోతున్నవాళ్లు వాట్సాప్‌లో పెట్టే మూవింగ్ సేల్. మంచి బేరాలు వచ్చేదీ ఇక్కడే, మొహమాటంతో మునిగేదీ ఇక్కడే.

7. విన్ నంబరుతో చరిత్ర తీయండి

డ్రైవర్ వైపు ముందు అద్దం కింద, తలుపు ఫ్రేమ్ మీద 17 అక్షరాల గుర్తింపు నంబరు ఉంటుంది, అదే విన్. రెండుచోట్లా ఒకటే ఉండాలి, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీదా అదే ఉండాలి. ఆ నంబరుతో మూడు పనులు చేయండి. కారు చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ లేదా ఆటోచెక్ రిపోర్టు తీయండి. ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలను పట్టే సంస్థ) సైట్‌లో దొంగ బండేమో, సాల్వేజ్ (బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చినది) అయిందేమో ఉచితంగా చూడండి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఫెడరల్ రోడ్డు భద్రత సంస్థ) సైట్‌లో తీరని రీకాల్స్, అంటే కంపెనీ సరిచేసి ఇవ్వాల్సిన లోపాలు, ఉన్నాయేమో చూడండి. రీకాల్ పని డీలర్ డబ్బులు తీసుకోకుండా చేస్తాడు.

రిపోర్టు శుభ్రంగా ఉందంటే కారు శుభ్రంగా ఉందని కాదు. ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా బయట బాగుచేయించుకున్న ప్రమాదం అందులో ఎక్కదు.

"సాల్వేజ్", "రీబిల్ట్" (సాల్వేజ్‌ను బాగుచేసినది) అని టైటిల్ మీద ఉంటే సగం ధరకు వచ్చినా వదిలేయండి. మళ్లీ అమ్మేటప్పుడు మీకు కొనేవాడు దొరకడు.

8. పగలు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు వచ్చేముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లని ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పుడే దాని జబ్బులు బయటపడతాయి: గొలుసు గలగల, నీలం పొగ, వణుకు. "ఇంకోరోజు వస్తాను, స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పి వచ్చేయండి.

ఓబీడీ స్కానర్‌ను స్టీరింగ్ కింద ఉన్న పోర్టులో పెట్టండి. కోడ్‌లు లేవని సంతోషపడకుండా "రెడీనెస్ మానిటర్లు" చూడండి. కారు తన భాగాలను తానే పరీక్షించుకుందో లేదో చెప్పేవి ఇవి. చాలావరకు "నాట్ రెడీ" అని వస్తే చెక్ ఇంజిన్ లైటు రాకుండా ఈమధ్యే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు.

నీట మునిగిన బండ్లు టెక్సస్‌లో పెద్ద బెడద. 2017లో హార్వే తుపాను తర్వాత హ్యూస్టన్‌లో మునిగినవి లక్షల్లో ఉన్నాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద చార ఉందేమో చూడండి. డిక్కీలో స్పేర్ టైరు కింద తడి, తుప్పు చూడండి. కార్పెట్ ఒక మూల ఎత్తి వాసన చూడండి. సెంటు ఘాటుగా కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

టైరు పక్కన డీఓటీ అన్న చోట చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి బాగున్నా ఆరేళ్లు దాటితే మార్చుకోవాలనే లెక్క వేసుకోండి, ధరలో తగ్గించమని అడగండి.

నడిపేటప్పుడు పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా తిరగండి, టిక్కు టిక్కు శబ్దం రాకూడదు. ఫ్రీవే ఎక్కి 70 మైళ్ల వేగానికి తీసుకెళ్లండి. గేర్లు మారేటప్పుడు కుదుపు, స్టీరింగ్ వణుకు గమనించండి. రేడియో కట్టేయండి. ఏసీ పదిహేను నిమిషాలు ఆపకుండా వేయండి. జూలైలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు తాకుతుంది, ఏసీ లేని కారు కారే కాదు.

9. మీ మెకానిక్‌కు చూపించకుండా డబ్బులివ్వొద్దు

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. 100 నుంచి 250 డాలర్లు అవుతుంది. బండిని లిఫ్ట్ మీద పైకెత్తి కింద చూడాలి: ఆయిల్ కారడం, ఫ్రేమ్ వంకర, తుప్పు. మెకానిక్ మీరు ఎంచుకున్నవాడై ఉండాలి, అమ్మేవాళ్లు చెప్పినవాడు కాదు. ఇంటికొచ్చి చూసే మొబైల్ మెకానిక్‌లూ ఉన్నారు, లిఫ్ట్ లేకపోయినా ఏమీ చూపించకుండా కొనడం కంటే నయం.

అమ్మేవాళ్లు తెలుగువాళ్లైతే ఇక్కడే గొంతు పెగలదు. "మా ఊరివాళ్లేనట", "అన్నయ్య ఫ్రెండట", "భోజనం కూడా పెట్టారు, మళ్లీ మెకానిక్ అంటే ఏమనుకుంటారో". ఏమీ అనుకోరు. ఇలా చెప్పండి: "అన్నా, కారు నచ్చింది. మెకానిక్‌కు చూపించుకుని రేపు ఖాయం చేస్తాను, ఆ ఖర్చు నాదే." నిజాయితీగా అమ్మేవాళ్లు వెంటనే సరేనంటారు. ఎంత దగ్గరివాళ్లైనా వద్దన్నారంటే దండం పెట్టి వచ్చేయండి. చాలాసార్లు వాళ్లకే తెలియని జబ్బు బండిలో ఉంటుంది. తర్వాత ట్రాన్స్‌మిషన్ పోతే డబ్బూ పోతుంది, స్నేహమూ పోతుంది.

10. డబ్బు, టైటిల్: ఒకే రోజు, ఒకే చోట

అమ్మే మనిషి పేరూ టైటిల్ మీద పేరూ ఒకటే కావాలి, గుర్తింపు కార్డు చూడండి. మధ్యలో వేరొకరి పేరుంటే, "వాళ్లు సంతకం పెట్టి ఇచ్చారులే" అంటే ఆగిపోండి. టైటిల్ మీద లీన్ (అప్పిచ్చినవాళ్ల హక్కు) ఉంటే ఇంకా బ్యాంకు అప్పు ఉన్నట్టు. అప్పు తీరి, లీన్ రిలీజ్ కాగితం చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వాలి. వీలైతే ఇద్దరూ ఆ బ్యాంకు శాఖకు వెళ్లి అక్కడే కట్టేయండి.

టైటిల్ వెనుక సంతకం, తేదీ, ఓడోమీటర్ మైళ్లు అమ్మేవాళ్లు రాయాలి. టైటిల్ బదిలీ దరఖాస్తు, ఫారం 130-యూ మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి బదిలీ చేయించుకోవడం అన్నిటికంటే క్షేమం. గడువు 30 రోజులు, దాటితే జరిమానా. ఇన్సూరెన్స్ రుజువు లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. పాత నంబరు ప్లేట్లు అమ్మేవాళ్లు తీసేసుకోవచ్చు. ఆఫీసు దాకా నడపడానికి టెక్సస్ డీఎంవీ (వాహనాల శాఖ) సైట్‌లో దొరికే ట్రాన్సిట్ పర్మిట్ ఐదు రోజులు పనిచేస్తుంది.

పన్ను తగ్గుతుందని 130-యూ మీద తక్కువ ధర రాద్దామంటారు. రాయకండి. డీలర్ కాని బయటివాళ్ల దగ్గర కొన్నప్పుడు రాష్ట్రం ప్రతి కారుకూ ఒక అంచనా విలువ పెట్టుకుంటుంది. మీరు చెల్లించిన ధర, ఆ విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను పడుతుంది. తక్కువ రాసినా పెద్దగా మిగలదు. అబద్ధపు ప్రకటన నేరం, వీసా మీద ఉన్నవాళ్లకు అలాంటి మచ్చ చాలా ప్రమాదం. స్నేహితుడు "గిఫ్ట్" ఇచ్చినట్టు రాయించుకోవడమూ ఇంతే. 10 డాలర్ల గిఫ్ట్ పన్ను దగ్గరి కుటుంబ సభ్యుల మధ్యే.

కొత్తదే అని తేల్చుకుంటే

కాస్త క్లుప్తంగానే చెబుతాను, ఇందులో మెలికలు తక్కువ.

ముందు క్రెడిట్ యూనియన్‌లోనో బ్యాంకులోనో లోన్ ఆమోదం చేతిలో పెట్టుకుని డీలర్ దగ్గరకు వెళ్లండి. అతను అంతకంటే తక్కువ వడ్డీకి ఇస్తే తీసుకోండి. "నెలకు ఎంతైతే మీకు ఓకే?" అని అడిగితే జవాబు చెప్పకండి. కిస్తీ తగ్గించి నెలలు పెంచడం ఎవరికైనా తేలికే. "పన్నులు, ఫీజులన్నీ కలిపి అవుట్ ద డోర్ ధర ఈమెయిల్‌లో పంపండి" అని నలుగురు డీలర్లను అడగండి. చివరి గదిలో కలిపే పెయింట్ ప్రొటెక్షన్, టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబరు చెక్కడం లాంటివి వద్దని చెప్పొచ్చు.

లోన్ ఖాయమైందని రాతపూర్వకంగా చూపించేదాకా కారు ఇంటికి తేకండి. "షరతులతో డెలివరీ" అన్న కాగితం మీద సంతకం అడిగితే అది నా కథే, ఆగండి. తెచ్చుకున్నాక ఫోన్ వస్తే, ఎక్కువ వడ్డీకి ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. కారు ఇచ్చేసి డౌన్ పేమెంట్ వెనక్కి అడగండి.

ఇంకో అపోహ: మూడు రోజుల్లో కారు వెనక్కి ఇవ్వొచ్చని చాలామంది నమ్ముతారు. డీలర్ షోరూమ్‌లో కొన్న కారుకు అలాంటి హక్కు ఫెడరల్ చట్టంలో లేదు. కొన్ని పెద్ద సంస్థలు సొంతంగా కొన్ని రోజుల గడువు ఇస్తాయి, అది వాళ్ల కాగితాల్లో రాసి ఉంటేనే నమ్మండి.

వాహన పూజ కోసమే కొత్త కారు కావాలనుకునేవాళ్లూ తారసపడ్డారు. పదేళ్ల కొరోలాకూ పూజారి గారు అదే బొట్టు పెడతారు, అవే మంత్రాలు చదువుతారు.

కొన్నాక నెల రోజుల్లో చూసుకోవాల్సినవి

మొదటి రోజే ఇన్సూరెన్స్ పాలసీలో విన్ నంబరు, భార్యాభర్తలిద్దరి పేర్లు ఉన్నాయో లేదో చూడండి. ఒకరిని వదిలేస్తే ప్రమాదం రోజున తెలుస్తుంది.

పాత కారు అద్దం మీద పాత యజమాని టోల్‌ట్యాగ్ (టోల్ కట్టే స్టిక్కర్) ఉంటే తీసేయండి. ప్లేటు వచ్చాక మీ పేరున కొత్తది పెట్టుకోండి, లేకపోతే ఇక్కడి టోల్ రోడ్లు నడిపే ఎన్‌టీటీఏ బిల్లులు ఎక్కువ రేటుకు వస్తాయి.

2025 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హారిస్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. పాత కారు రిజిస్ట్రేషన్ ఎప్పుడు తీరుతుందో చూసి, ఒక నెల ముందే పరీక్ష చేయించండి. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ పోయింది కాబట్టి బ్రేకులు, టైర్లు చూసుకునే బాధ్యత ఇప్పుడు పూర్తిగా మీదే.

మొదటి వెయ్యి మైళ్లలో ప్రతి వారం ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి. పార్క్ చేసిన చోట కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చుక్కలు పడ్డాయేమో చూడండి. ఏసీ నీళ్లు పర్వాలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు పడితే వెంటనే మెకానిక్ దగ్గరకు వెళ్లండి.

నగదుతో కొన్నవాళ్లకు టైటిల్ పోస్టులో వస్తుంది. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో, విన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూడండి. ఇంటిపేరు ముందూ వెనకా అయితే అమ్మేటప్పుడు మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి. తప్పుంటే ఇప్పుడే దిద్దించండి. ఆ కాగితాన్ని గ్లవ్ బాక్స్‌లో పెట్టకండి, కారు పోతే అదీ పోతుంది. ఇంట్లో పాస్‌పోర్టుల పక్కన పెట్టుకోండి.